చివర చెప్పకూడదట!

మా వారి నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సంగతి మా చుట్టాల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా ఆడపడుచు సంబంధం ఇంకా తాంబూలాలదాకా రాకుండానే వీధి చివర కిళ్ళీకొట్టు అతనికి పెళ్ళికొడుకు జీతంతో సహా చెప్పేసి వచ్చిన ఘనులు. పండక్కి నేను కొన్న చీర ఖరీదు అత్తగారికి తెలియనివ్వకండి అని రాత్రి బతిమాలుకుంటే, పొద్దున్న కాఫీ గ్లాసు అందుకుంటూనే ఆవిడ, "చీర బాగుందమ్మా, కాని అంత పోశావేం?" అనేవారు. అటువంటి మనిషి నలభయ్యేళ్ళకి పైగా ఒకే ఒక్క రహస్యాన్ని కడుపులో పెట్టుకుని కాపాడారంటే మీరు నమ్మరు. ఏ ఆస్తి వ్యవహారమో, పెళ్ళికి ముందు నాటి ప్రేమకథో అనుకునేరు. అంత అదృష్టం కూడానా! ఒక ఫ్రెంచి సినిమా చివర ఏమవుతుందన్నదే ఆ రహస్యం.

1978లో, మా పెళ్ళికి మూడేళ్ళ ముందు, ఆయన హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఒక స్నేహితుడు ఫిలిం సొసైటీ వాళ్ళు వేసిన ఆటకి తీసుకువెళ్ళాడట. సినిమా పేరు 'లే దియాబొలిక్'. దయ్యాల్లాంటి మనుషులు అని చెప్పుకోవచ్చు. 1955 జనవరిలో ఫ్రాన్సులో విడుదలైంది. తీసినాయన ఆన్రీ జార్జ్ క్లూజో. అంతకు ముందు సినిమాకి 1953లో కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి కొట్టేసిన ఉద్దండుడు. దీనికి కూడా అక్కడి లూయీ దెల్యుక్ బహుమతి వచ్చింది. ఆ ఆట చూసి వచ్చిన రాత్రి మా వారు హాస్టల్లో స్నానాలగదివైపు ఒంటరిగా వెళ్ళలేకపోయారట. పెళ్ళయిన వారం రోజులకే ఇదంతా నాకు చెప్పారు.

"చివర ఏమవుతుందండీ?" అన్నాను కొత్త పెళ్ళికూతురి అమాయకత్వంతో.

"అది మాత్రం అడక్కు. చెప్పకూడదు. సినిమా అయిపోయాక తెరమీద రాసి మరీ వేడుకుంటారు, మీ స్నేహితులకి చెప్పి వాళ్ళ సరదా పాడుచెయ్యవద్దని."

అంతే. ఇద్దరు పిల్లలు పుట్టారు, పెరిగారు, మూడు ఊళ్ళు మారాం, ఆయన రిటైరయ్యారు. ఏ సినిమాకి వెళ్ళి వచ్చినా, "బాగానే ఉందిలే, కాని దియాబొలిక్ ముందు ఎంత?" అనేవారు. నేను మెచ్చుకున్న ప్రతి అపరాధ పరిశోధక నవలా ఆ చూడని సినిమా ముందు వెలవెలబోయింది. ఇంట్లో కనిపించని సవతి ఒకతి ఉన్నట్టే అనుకోండి.

మొన్న దసరా సెలవులకి వచ్చిన మా అమ్మాయి టీవీకి ఏదో తగిలించి, "అమ్మా, నాన్నగారి బొమ్మ దొరికింది" అంది. శుభ్రం చేసిన ప్రింటు, కింద ఇంగ్లీషులో మాటలు. నేను పెందరాళే వంట ముగించాను. ఆయన దీపాలన్నీ ఆర్పేసి, కుర్చీ తెరకి ఎదురుగా కాకుండా నాకు ఎదురుగా వేసుకున్నారు. ఎందుకండీ అంటే, చివర నా మొహం చూడాలిట!

కథ మొదలైంది. ప్యారిస్ దగ్గర మగపిల్లలు ఉండి చదువుకునే బడి. పాత మేడ, పాచిపట్టిన ఈతకొలను. బడి నడిపేవాడు మిషెల్ అనే దుర్మార్గుడు. డబ్బు పెట్టింది భార్య క్రిస్టీనా. వెనెజ్వెలానించి వచ్చిన పిల్ల, గుండెజబ్బు మనిషి. ఆమె డబ్బుతో బడి, ఆమె డబ్బుతో సూట్లు, అధికారం మాత్రం ఆయనది. ఈ మాట చదివి మీలో కొందరు అప్పుడే నిట్టూర్చి ఉంటారు. అదే బడిలో నికోల్ అనే పంతులమ్మ ఉంది. ఆమె అతగాడి ఉంపుడుగత్తె. ఆ ముచ్చట బడిలో అందరికీ తెలుసు. సినిమా మొదట్లో నికోల్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కనిపిస్తుంది. ఫాషను కాదు, అతను కొట్టిన దెబ్బకి కన్ను కమిలింది. ఆ కన్ను చూసి భార్య జాలిపడుతుంది.

నిజం చెప్పొద్దూ, మొదటి గంటా నేను కదల్లేదు. దయ్యాలూ భూతాలూ ఏమీ లేకుండానే నాకు చెమట పట్టించిన దృశ్యం ఒకటుంది. భోజనాల హాల్లో పిల్లలూ పంతుళ్ళూ అందరూ కూర్చున్నారు. పిసినారి మిషెల్ చవగ్గా వస్తుందని పాసిపోయిన చేప తెప్పించి వండించాడు. క్రిస్టీనా నోట్లో పెట్టుకుంది, మింగలేకపోయింది. అతను అందరి ఎదుటా, గొంతు పెద్దది చెయ్యకుండా, మింగు అన్నాడు. పిల్లలు చూస్తున్నారు. పంతుళ్ళు పళ్ళేల్లోకి చూస్తున్నారు. ఆమె కళ్ళనీళ్ళతో మింగింది.

మా ఇంట్లో చేప వండం. అయినా నా గొంతు పట్టేసింది. పదిమందిలో ఒక ఆడది తన నోట్లో ఉన్నదాన్ని మింగాలో కక్కాలో మరొకడు చెప్పడం, చూస్తున్నవాళ్ళెవరూ తల ఎత్తకపోవడం: ఇది తియ్యాలంటే క్లూజో ఎంత గట్టివాడో అనుకున్నాను. సినిమాలో సంగీతం కూడా పేర్లు పడేటప్పుడూ, ఆఖర్నా తప్ప లేదు. కుళాయి చప్పుడు, చెక్కమెట్ల కిర్రు, పిల్లల గోల. గుండె దడదడలాడించడానికి అవే చాలు.

విడాకులు తీసుకోవచ్చు కదా అనుకుంటాం. ఆమె నిష్ఠగల కేథలిక్కు, మతం ఒప్పుకోదు. అన్నట్టు, మన హిందూ వివాహ చట్టం దేశమంతటికీ వచ్చింది కూడా 1955లోనే. ఇక్కడ అమ్మలక్కలకి ఆ తలుపు ఓరగా తెరుచుకున్న సంవత్సరంలో అక్కడ క్రిస్టీనాకి తెరుచుకోలేదు. సరే, నికోల్ ఒక ఉపాయం చెబుతుంది. వీణ్ణి చంపేద్దాం.

మూడు రోజుల సెలవులకి ఇద్దరూ నియోర్ అనే ఊళ్ళో నికోల్ ఇంటికి వెళతారు. అక్కణ్ణించి క్రిస్టీనా ఫోను చేసి విడాకులు కావాలంటుంది. అతను మండిపడుతూ రైలెక్కి వస్తాడు. మత్తుమందు కలిపిన విస్కీ సిద్ధంగా ఉంది. ఆమె చెయ్యి వణకడం, కాస్త అతని సూటుమీద ఒలకడం, చెంపదెబ్బ తినడం, చివరికి ఆ గ్లాసు అతని గొంతులో దిగడం. తర్వాత నికోల్ తొట్టిలో నీళ్ళు వదులుతుంది. పైవాటాలో అద్దెకున్న దంపతులు రేడియో వింటూ, ఈ వేళప్పుడు స్నానమేమిటి, ఈ గొట్టాల మోత ఏమిటి అని విసుక్కుంటారు. అద్దెకొంపల్లో బతికినవాళ్ళకి గాని ఆ దృశ్యంలో ఉన్న రుచి తెలియదు! ఇద్దరూ అతన్ని తొట్టిలో ముంచి, పైన కంచుబొమ్మ బరువు పెట్టి, భోజనాలబల్ల మీది మైనపుగుడ్డ కప్పి, మర్నాడు పేము పెట్టెలో పెట్టుకుని వ్యానులో బడికి తెచ్చి, రాత్రి ఈతకొలనులో పడేస్తారు. దారిలో తప్పతాగిన సిపాయి ఒకడు వ్యాను ఎక్కబోవడం, పెట్టెలోంచి నీళ్ళు కారడం, అబ్బబ్బ! మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇక శవం తేలాలి. తేలదు. ఏదో వంక పెట్టి కొలనులో నీళ్ళు తోడించేస్తే అడుగున శవం లేదు. అతను చచ్చినప్పుడు వేసుకున్న సూటు బట్టలుతికే షాపునించి ఇస్త్రీ అయి ఇంటికి వస్తుంది. ఒక కుర్రాడు అద్దం పగలగొట్టి, ప్రిన్సిపాలుగారే శిక్ష వేశారని, తన రబ్బరు ఉండేలు ఆయనే లాక్కున్నారని చెబుతాడు. బడివాళ్ళందరూ ఫొటో దిగితే వెనక కిటికీలో ఆ మొహం! ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. భయం పెరిగినకొద్దీ పోట్లాడుకుంటారు, మళ్ళీ దగ్గరవుతారు. ఒకే మగవాడి చేత దెబ్బలు తిన్న ఇద్దరు ఆడవాళ్ళు ఇలా ఒకరి భుజానికి ఒకరు ఆనుకోవడం నేను మన సినిమాల్లో ఎన్నడూ చూడలేదు. మనవాళ్ళు సవతుల్ని తెర ఎక్కించారంటే జుట్లు పట్టుకోవలసిందే కదా.

ఇప్పుడు చివర చెప్పబోతున్నాను. చూడదలచుకున్నవాళ్ళు ఇక్కడే ఆపి పోపు పెట్టుకోండి.

మిషెల్ చావనే లేదు. అంతా అతనూ నికోలూ కలిసి ఆడిన నాటకం. గుండెజబ్బు భార్యని భయంతో చంపి, ఆమె ఆస్తి కాజెయ్యడానికి. ఒక రాత్రి వరండాలో దీపాలు, టైపుమిషను చప్పుడు, పాపం ఆమె తెల్లటి రాత్రిదుస్తుల్లో పరుగెత్తి స్నానాలగదికి వస్తే తొట్టిలో శవం ఉంటుంది. అది మెల్లగా లేస్తుంది. ఆమె గోడవారన కూలి ప్రాణం విడుస్తుంది. అతను కళ్ళకి పెట్టుకున్న తెల్లడిప్పలు తీసి పారేస్తాడు. నికోల్ వచ్చి కౌగలించుకుంటుంది. అప్పుడు తలుపు వెనకనించి ఫిషే అనే ముసలి పోలీసాయన వచ్చి మీరు దొరికారు, ఇంతేళ్ళు జైలు అంటాడు. శుభం.

దీపాలు వెలిగాయి. మా వారు వెలిగిపోతున్న మొహంతో, "ఊఁ?" అన్నారు.

"ఇదేనా?" అన్నాను.

నలభయ్యేళ్ళు ఎదురుచూసిన మాట అదికాదు పాపం. ఆయన నా మొహంలోకి మళ్ళీ ఒకసారి తేరిపార చూశారు, ఎక్కడైనా భయం మిగిలిందేమోనని.

నా ఫిర్యాదు భయం వెయ్యలేదని కాదు. శవం లేచినప్పుడు నేనూ కెవ్వుమన్నాను, దాచుకోను. కాని ఆ కెవ్వు అయ్యాక రెండు నిమిషాలు ఆలోచిస్తే ఏం మిగిలింది? మొదట కథ కట్టుబడి చూడండి. మొగుడు చచ్చాడో లేదో భార్య ఒక్కసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే నాటకం అయిపోయేది. ఆమె ఏ రాత్రో మనస్సాక్షి ఆగక పోలీసుస్టేషనుకి పరుగెత్తి ఉంటే? అటువంటి భక్తురాలు చెయ్యదగ్గ పని అదే. ఆమె గుండె రెండు నెలలు ముందో వెనకో ఆగి ఉంటే? ఇంటికి ఎంత ఉప్పు కావాలో లెక్క కట్టి తెప్పించే పిసినారి మిషెల్, తన జన్మలో అతిపెద్ద వ్యాపారాన్ని ఇన్ని 'ఒకవేళ'ల మీద పెడతాడా?

"సస్పెన్సు సినిమాలో లాజిక్కు వెతక్కూడదు" అన్నారు మా వారు.

బాగుంది. పోనీ అది వదిలేస్తాను. వదలలేనిది ఇంకొకటి ఉంది. రెండు గంటలకి కాస్త తక్కువగా నడిచిన ఈ సినిమాలో నన్ను కట్టి కూర్చోబెట్టింది శవం కాదు, ఆ ఇద్దరి స్నేహం. కమిలిన కన్నుమీద పడిన ఆ జాలి చూపు. ఆ ఒక్క దారంతోటే క్లూజో కథంతా అల్లాడు. చివరి రెండు నిమిషాల్లో ఆ దారం లాగేసి, ఆ స్నేహమే అబద్ధం అన్నాడు. దెబ్బతిన్న కన్నూ అబద్ధమే కావచ్చునన్నాడు. ఒక మగవాడి కింద నలిగే ఇద్దరు ఆడవాళ్ళు కలిశారంటే, అందులో ఒకతి వాడి మనిషే అయి ఉంటుంది అని తేల్చాడు. ఇదా దాచవలసిన రహస్యం? ఇది మా వీధి కుళాయి దగ్గర ఏ ముసలమ్మని అడిగినా చెబుతుంది: ఆడదానికి ఆడదే శత్రువు అని. ఇంత పాతమాట వినిపించడానికి ప్యారిస్‌లో అంత పెద్ద సెట్టు దేనికి?

నా ఒళ్ళు మండడానికి కారణం ఉంది. కృష్ణాజిల్లాలో మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇద్దరు సవతులు ఉండేవారు. ఆ చట్టం రాకముందు నాటి పెళ్ళిళ్ళు. ఆ ఇంటాయన కోపిష్టి, చెయ్యి చేసుకునే మనిషి. ఆయన వింటూండగా ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కారు, ఆయనకి అదే ఇష్టం. ఆయన వీధరుగుమీదికి వెళ్ళగానే వంటింట్లో ఇద్దరి గుసగుసలూ నవ్వులూ మొదలయ్యేవి. ఒకావిడ చేతికి వాత పడితే మరొకావిడ వెన్న రాసేది. ఆయన పోయాక ఎవరి వాటా వాళ్ళు తీసుకుని వేరుపడతారని ఊరంతా కాచుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళకి పైగా అదే ఇంట్లో ఉన్నారు. పెద్దావిడకి చూపు పోతే చిన్నావిడ తలదువ్వి జడవెయ్యడం నా కళ్ళతో చూశాను. వాళ్ళేమీ హత్య చెయ్యలేదు లెండి! కాని క్లూజో నాకు మొదటి గంటలో చూపించింది వాళ్ళనే. అందుకే చివర ఆయన అదంతా ఉత్తదే అన్నప్పుడు నాకు తెర మీద ఎవరో మా అమ్మమ్మగారి ఊరి గురించి అబద్ధం చెప్పినట్టయింది.

"పాపం, అది కథ రాసినవాళ్ళ తప్పు. క్లూజో ఏం చేస్తాడు?" అన్నారు మా వారు.

అక్కడే దొరికిపోయారు. మా అమ్మాయి అప్పటికే వివరాలు చదివి ఉంది. సినిమాకి మూలం 1952లో వచ్చిన నవల. పియేర్ బ్వాలో, తోమా నార్సెజాక్ అని ఇద్దరు కలిసి రాసింది. 'ఇక లేని ఆమె' అన్నట్టుగా ఉంటుంది దాని పేరు. అందులో కథ ఏమిటో తెలుసాండీ? ఊళ్ళు తిరిగి సరుకులమ్మే ఒక భర్త, డాక్టరైన అతని ప్రియురాలు కలిసి బీమా డబ్బు కోసం అతని భార్యని తొట్టిలో ముంచి చంపుతారు. శవం మాయమవుతుంది. చచ్చిన భార్య దగ్గర్నించి ఉత్తరాలు వస్తాయి. భర్తకి పిచ్చెక్కి తన్ను తాను కాల్చుకుంటాడు. చివర తెలుస్తుంది, ఆ భార్యా ఆ డాక్టరమ్మా మొదటినించీ ఒకటే. ఇద్దరూ కలిసే వాణ్ణి ఆడించారు!

చూశారా? నవల్లో కలిసింది ఆడవాళ్ళిద్దరూ. చచ్చింది మొగుడు. క్లూజో దాన్ని తిరగేసి, మొగుణ్ణి బతికించి భార్యని చంపాడు. ఆ నవల్లో ఆడవాళ్ళు సతీసావిత్రులని నేననను. బీమా డబ్బుకోసం మనిషిని పిచ్చివాణ్ణి చేసిన గయ్యాళులే. కాని ఆ ముగింపులో ఒక ఆశ్చర్యం ఉంది. ఇలా అవుతుందని ఎవరూ అనుకోరు. మొగుడూ ఉంపుడుగత్తే కలిసి డబ్బున్న భార్యని చంపడంలో ఆశ్చర్యం ఏముంది? అది పేపర్లో మూడో పేజీ వార్త. ఉన్న వజ్రాన్ని తీసి గాజురాయి పొదిగి, ఇది ఎవరికీ చూపించకండి అని మూత పెట్టాడన్నమాట. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, కథని ఆ బడిలోకి తెచ్చింది క్లూజోయే. ఆ పిల్లల కళ్ళు లేకపోతే చేప దృశ్యం లేదు.

ఆ రచయితలిద్దరే 1954లో రాసిన మరో నవలని హిచ్‌కాక్ 1958లో 'వెర్టిగో'గా తీశాడు. అందులోనూ ఒక భర్త ఇంకొక ఆడదాన్ని వాడుకుని తన భార్యని చంపిస్తాడు. చచ్చిన ఆ అసలు భార్య మొహం మనం చూడను కూడా చూడం! ఆ రోజుల్లో సస్పెన్సు అంటే భార్యలకి గండమే అనిపిస్తుంది. 1996లో హాలీవుడ్డు వాళ్ళు దియాబొలిక్‌ని మళ్ళీ తీసి ముగింపు మార్చారు. పోలీసు కూడా ఆడమనిషి, చివరికి ఆడవాళ్ళిద్దరూ కలిసి మొగుణ్ణి ముంచుతారు. సంతోషించాలనుకున్నానుగాని, ఆ గొట్టాల మోతా, ఆ చేపా పుట్టించిన దడ అందులో నాకు కలగలేదు. ముగింపు బాగుచేసి మొదలు పాడుచేశారు.

ఇక ఆ పోలీసాయన గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఫిషే రిటైరైన పోలీసు. నలిగిన కోటు, చుట్ట, మెత్తటి మాటలు, పిలవని పేరంటంగా వచ్చి కూర్చోవడం. వేసినాయన షార్ల్ వానెల్, మహానటుడు. క్రిస్టీనా మంచంమీద పడుకుని తను చేశాననుకుంటున్న నేరమంతా ఆయనతో చెప్పేసింది. ఆయన విన్నాడు. అనుమానించాడు. అదే రాత్రి అదే ఇంట్లో తలుపు వెనక నిలబడి ఉన్నాడు కూడా. మరి ఆమె ప్రాణం పోయిన తర్వాతే బయటికి రావడం ఏమిటండీ? నేరస్థుల్ని పట్టుకున్నానని గర్వంగా చెబుతాడుగాని నేలమీద పడి ఉన్న ఆమె సంగతి? పది నిమిషాలు ముందు దగ్గి ఉంటే చాలదూ! సినిమా తీసేవాళ్ళకి ఆమె చావు కావాలి, అందుకని ఈయన దగ్గు ఆపుకున్నాడు.

"చివర ఆ కుర్రాడి మాట మరిచిపోయావా? ఉండేలు అమ్మగారే తిరిగి ఇచ్చారంటాడుగా. ఆవిడ బతికే ఉండవచ్చు" అన్నారు మా వారు ఆఖరి అస్త్రంగా.

ఉండవచ్చు. అద్దాలు పగలగొట్టి మూల నిలబడ్డ కుర్రాడి మాట. అందరూ అబద్ధాలకోరు అని కొట్టిపారేసే పిల్లవాడి నోట్లో ఆమె బతుకు పెట్టి వెళ్ళిపోయారు. ఆవిడ చావు చూపించడానికి కావలసినంత వెలుగు ఉంది, బతుకు చూపించడానికి ఫిల్ము అయిపోయిందా?

ఆమె వేషం వేసిన వేరా సంగతి తెలిశాక నాకింకా దిగులేసింది. వేరా క్లూజో ఆ దర్శకుడి భార్యే. బ్రెజిల్‌లో పుట్టిన మనిషి. సినిమా కంపెనీకి కూడా ఆమె పేరే పెట్టాడు. నటించినవి మూడే సినిమాలు, మూడూ మొగుడు తీసినవే. నిజంగానే ఆమెకి గుండెజబ్బు ఉంది. 1960 డిసెంబరులో, నలభై ఆరేళ్ళకి, గుండెపోటుతోనే పోయింది. తెరమీద ఆమె గుండెమీద చెయ్యి వేసుకున్న ప్రతిసారీ ఇప్పుడు నాకు కథ కనబడదు. కెమెరా వెనక నిలబడి, ఇంకొకసారి అనే మొగుడు కనబడతాడు. ఇది అన్యాయమైన ఊహే అయి ఉండవచ్చు. ఆయన ఆమెని ప్రేమించలేదని నేననడం లేదు. కాని నవల్లో గెలిచిన భార్యని మార్చి, గుండె ఆగి చచ్చే భార్యని చేసి, ఆ వేషం గుండెజబ్బున్న సొంత భార్యకి ఇవ్వడం ఏ ప్రేమో నాకు అర్థం కాదు.

అన్నిటికన్నా గడుసుతనం ఆ తెరమీది వేడుకోలు. మీరు కూడా దయ్యాలు కాకండి, చూసింది ఎవరికీ చెప్పకండి అని. 1960లో 'సైకో' తీసినప్పుడు హిచ్‌కాక్ కూడా చివర బయటపెట్టవద్దని ఊరంతా చాటాడు. అందరూ దాన్ని ప్రచారపు తమాషా అనుకుంటారు. నేను మాత్రం దాన్ని నోరు కట్టెయ్యడం అంటాను. హోటల్లో ఇడ్లీ పాచిపోతే సర్వరుని పిలిచి చెబుతాం. చీర రంగు వెలిస్తే కొట్టువాడి మొహాన కొడతాం. ముగింపు చెడిన సినిమాకి మాత్రం ఫిర్యాదు చేసే వీలు లేదు. ఎందుకంటే ఫిర్యాదు చెయ్యాలంటే ముగింపు చెప్పాలి, చెబితే మనం దయ్యాలం! బాగున్న మొదటి గంట గురించి ఎంతైనా పొగడవచ్చు, చెడ్డ చివరి గురించి ఒక్క మాట అనకూడదు. అలా డెబ్భై ఏళ్ళుగా ఆ ముగింపు ఎవరి చేతా తిట్టు తినకుండా బతికింది. ఇంటి గుట్టు బయటపెట్టకూడదని చెప్పి మనచేత ఎన్ని మింగించలేదు? అటువంటిదే ఇదీ.

అందుకని నేను చెప్పడం మొదలుపెట్టాను. మర్నాడే మా ఆడపడుచుకి ఫోను చేసి మొదటినించి చివరిదాకా చెప్పేశాను. పక్కన కూర్చున్న మా వారు, "అన్యాయం, అన్యాయం" అంటూ చెవులు మూసుకున్నారు, ఆయనకి తెలియని కథ అయినట్టు. మా ఆడపడుచు అంతా విని, "వదినా, అయితే కొలనులో నీళ్ళు తోడించేదాకా చూసి కట్టేస్తాను. ఆ తర్వాత వాళ్ళిద్దరూ వాడి పీడ వదిలి హాయిగా బడి నడుపుకున్నారని అనుకుంటాను" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా వారు ఒక మాటా మాట్లాడలేదు. చారు పోస్తూ నేనే అన్నాను: "పోనీలెండి. ముగింపు సంగతి ఎలా ఉన్నా, ఆ చేప దృశ్యం మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను."

ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, నిజంగానే జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించారు. నలభయ్యేళ్ళ కిందట ఒకసారి, మొన్న ఒకసారి చూసిన మనిషి.

"చేపా?" అన్నారు. "ఏ చేప?"